పిన్ని విన్న మాటలు

పోయిన నెల పన్ను పీకించుకోడానికి రాజమండ్రిలో డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన చిగుళ్ళలో సూది గుచ్చి, "కాసేపు బయట కూర్చోండమ్మా, మొద్దుబారాలి" అన్నాడు. బల్ల మీద కూర్చున్నాను. ముందు పెదవి అంచున చీమలు పాకినట్టయింది. తర్వాత నాలుక కొస జివ్వుమంది. ఆ తర్వాత పెదవి నాది కాకుండా పోయింది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఒళ్ళోని సంచీ కింద పడింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చేసరికి నేను గొంతులోకి వేళ్ళు పెట్టుకోబోతున్నాను.

ఆ పిల్ల నన్ను పట్టుకుని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "భయపడకండి, అది ఇంజెక్షన్ వల్లేనండి" అంది. ఆ సంగతి నాకు తెలుసు. నా ఒంటికే తెలియలేదు. అంతకు ముందు నా పెదవులు ఒకే ఒక్కసారి అలా అయ్యాయి. అప్పటికి నాకు పదేళ్ళు కూడా నిండలేదు.

మా ఊరు వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుకు కాస్త ఇవతల ఉండేది. ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం, మధ్యలో ఇసుక, సరుగుడు చెట్లు, తాటాకు ఇళ్ళు. ఊళ్ళోకి అడుగు పెట్టకముందే కొత్తవాళ్ళకు మెత్తళ్ళ లాంటి చిన్న చేపలు ఎండుతున్న వాసన తగిలేది. మాకు మాత్రం అలాంటి వాసన ఒకటుందని తెలియదు. పక్క ఊరి బడిలో రైతుల పిల్లలు ముక్కు మూసుకుంటే, వాళ్ళకు జలుబు చేసిందనుకునేదాన్ని. పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చేవి. ఆడవాళ్ళు గంపలతో ఎదురెళ్ళేవారు. మా మామ్మ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, గంప నెత్తిన పెట్టుకుని రైతుల ఊళ్ళకు వెళ్ళి "చేపలండీ, చేపలమ్మా" అని కేకలేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. వస్తూ వస్తూ మాకోసం జీళ్ళో, జామకాయలో కొంగున కట్టుకొచ్చేది. వాటికి కూడా చేపల వాసనే. ఆ వాసన లేని జీడి ఇప్పటికీ నాకు జీడిలా అనిపించదు.

చేపల గురించి మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పేవారు కాదు. చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. గంప దించగానే నేను కూర్చుని జెల్ల ముళ్ళు విరిచేదాన్ని. అలా విరవాలని ఎవరు నేర్పారో గుర్తులేదు. పండుగప్ప చెంప పక్కన కత్తిలాంటి అంచు ఉంటుందని నా వేళ్ళకు తెలుసు. పున్నమి రోజుల్లో పీతలు కొనుక్కుపోయే పొరుగూరివాళ్ళను చూసి మేం పిల్లలం కూడా నవ్వుకునేవాళ్ళం. వెన్నెల రోజుల్లో వాటి డొప్పలో కండ ఉండదు. ఏ ఇంట్లో పురుడొచ్చినా పాలసొర ఆ ఇంటి గుమ్మంలోకి వచ్చేసేది. ఎవరి పడవకు పడితే వాళ్ళే పంపేవారు. బాలింతకు పాలు పడాలని ఎవరూ పైకి అనేవారు కాదు. చేప మాత్రం వచ్చేది. సాయంత్రాలు మా పిల్లల ఆట ఏమిటంటే, ఒకరి కళ్ళు మూసి ముక్కు దగ్గర ఎండుచేప పెట్టి పేరు చెప్పమనడం. తప్పు చెప్పినవాళ్ళను వారం రోజులు రైతుల పిల్లా అని ఏడిపించేవాళ్ళం.

కప్పచేప అని ఒకటి వలలో పడేది. దాని పొట్ట తెల్లగా, గరుకుగా ఉండేది. పళ్ళు చిలక ముక్కులా ఉండేవి. నీళ్ళలోంచి తీయగానే గాలి మింగి బంతిలా ఉబ్బిపోయేది. మగవాళ్ళు వల దులుపుతూ దాన్ని కాలితో పక్కకు తోసేసేవారు. మేం పుల్లతో పొడిచి ఇంకా ఉబ్బించి ఇసుకలో తన్నుకుంటూ ఆడేవాళ్ళం. ఎవరైనా పెద్దవాళ్ళు చూస్తే వీపు మీద ఒకటిచ్చి, "చేతులు తోముకోండెహె" అని ఇసుకతో రుద్దించేవారు. ఆ చేప తింటే మనిషి చచ్చిపోతాడని నాతో ఎవరూ అన్నట్టు గుర్తులేదు. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని తెలిసినట్టే అదీ తెలుసు. కాకులు ముట్టేవి కావు, కుక్కలు ముట్టేవి కావు, మేమూ నోట పెట్టం.

ఆ ఏడాది వేసవిలో నాన్న తమ్ముడికి, మా బాబాయికి, పెళ్ళయింది. పిన్ని రావులపాలెం దగ్గర గోదావరి మధ్యలో ఉన్న ఒక లంక నుంచి వచ్చింది. వాళ్ళవాళ్ళదీ వేటే. వలలు, పడవలు, గంపలు అన్నీ ఉన్నాయి. కాకపోతే వాళ్ళది నది. పిన్నికి అప్పటికి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. సారెలో పూతరేకుల డబ్బాతో పాటు తన సొంత వల ఒకటి చుట్టి తెచ్చుకుంది. అంత సన్నని అల్లిక మా ఊళ్ళో ఎవరికీ రాదు. మా ఇంటి అరుగు మీద కూర్చుని నాకు వల ముడులు నేర్పేది. నా జుట్టు దువ్వుతూ, "మీ చేపలకి దేవుడే ఉప్పేసి పుట్టించాడే, మీకు వంట నేర్చుకునే పని లేదు" అని నవ్వేది. వాళ్ళ గోదావరి చేపలు తినని మనుషులంటే ఆమెకు జాలి. వరద నీళ్ళకు పులస ఎదురెక్కి వస్తుందని, దాని కడుపులో జన ఉంటుందని, జన అంటే ఆ గుడ్ల తిత్తి, అది వేపుడు చేస్తే ఎలా ఉంటుందో చెబుతూ కళ్ళు మూసుకునేది.

ఆమె మమ్మల్ని ఏదీ అడిగేది కాదు. తానూ చేపల ఇంటి పిల్లే కదా, అడిగితే చిన్నతనం. మావాళ్ళు ఏదీ చెప్పేవారు కాదు. మన పిల్లే కదా, చెప్పడమేంటి? రైతుల ఇంటి పిల్ల కోడలుగా వచ్చి ఉంటే మా మామ్మ రోజంతా వెనకాలే తిరుగుతూ చెప్పి ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

చలి మొదలవుతున్న రోజులు. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆ రోజు బడి లేదు. నేను సరుగుడు తోటలో పుల్లలేరుకుని, మధ్యాహ్నం ఆకలేసి ఇంటికొచ్చాను. మామ్మ ఇంకా తిరిగి రాలేదు. నాన్న, బాబాయి, తాత ఒడ్డున వల బాగుచేసుకుంటున్నారు. ఇల్లంతా వేపుడు వాసన. వెల్లుల్లి, కరివేపాకు, కారం, వాటి వెనక మంచి జన వాసన. పిన్ని పొయ్యి దగ్గర కూర్చుని మూకుడులోంచి రెండు ముక్కలు నా కంచంలో వేసింది.

"తిను. మీ మామ్మకి, మీ బాబాయికి దాచాను. వేయించేటప్పుడే సగం నేనే తినేశాను. ఆగలేకపోయానే" అంది.

అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నాను. బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

"ఏ చేప జన పిన్నీ?"

"పేరు నాకేం తెలుసే. పొద్దున్న వల దులిపి ఒడ్డున పారేశారు కదా, తెల్ల పొట్టది. కోసి చూత్తే కడుపునిండా జనే. బంగారం లాంటి జన ఇసకలో పడేసుకుంటన్నారు మీవోళ్ళు."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "చిలక మూతిదా?" అన్నాను.

"ఆఁ. పట్టుకుంటే ఉబ్బుతాది, అదే." పిన్ని ఇంకా నవ్వుతూనే ఉంది. తర్వాత వేలితో పెదవి తడుముకుంది. "ఏంటే, మూతి జివ్వుమంటంది. కారం ఎక్కువైందా?"

నాకు ఆ క్షణం ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే గుర్తొస్తుంది. పొయ్యిలో సరుగుడు పుల్ల చిటపటమంది. పిన్ని నుదుటన చెమట. ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతి, ఇంత పెద్ద మనిషికి, నాకు ముడులు నేర్పిన మనిషికి తెలియదు. ఇలా కూడా జరగొచ్చా అని బిత్తరపోయాను. కంచం తన్నుకుని బయటకు పరుగెత్తాను.

సందు మొదట్లో మామ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని వస్తోంది. "మామ్మా, పిన్ని కప్పచేప జన తినేసింది. నేనూ తిన్నాను" అన్నాను. మామ్మ గంప వదిలేసింది. వరదొచ్చి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు కూడా ఆవిడ పరుగెత్తగా నేను చూడలేదు. నన్ను అక్కడే సందులో వంచి, రెండు వేళ్ళు గొంతులోకి దూర్చేసింది. తిన్నదంతా వచ్చేదాకా వదల్లేదు. తర్వాత నన్ను చంకనేసుకుని ఇంట్లోకి పరుగు.

పిన్ని గుంజ పట్టుకుని నిలబడి ఉంది. అత్తగారు అలా జుట్టు విరబోసుకుని రావడం చూసి సిగ్గుపడినట్టు పైట సర్దుకుంది.

"ఏంటత్తా?"

"కక్కవే తల్లీ. ఏం అడక్కు. కక్కు."

ఉప్పునీళ్ళు తాగించింది, వేళ్ళు పెట్టింది. పిన్నికి కొంచెమే వచ్చింది. "అత్తా, కాళ్ళు రావట్లేదు" అంది. ఆ మాట ముద్దగా వచ్చింది, నోట్లో దూది పెట్టుకున్నట్టు. గుంజ పట్టుకున్న చెయ్యి మెల్లగా జారింది. ఆమె కిందకు జారుతుంటే మామ్మ తన ఒంటితో ఆపింది.

ఊరంతా వచ్చింది. అంతమంది వచ్చినా చప్పుడు లేదు. చావొస్తే గుండెలు బాదుకుని ఏడ్చే ఊరు మాది. అటువంటిది ఎవరికీ నోరు పెగల్లేదు. పడవ బోల్తా పడడం తెలుసు, పాము కరవడం తెలుసు, ఇది మాత్రం ఎవరికీ తెలియదు. ఎదురింటి ముసలాయన ఒక్కడే, "మన పిల్లే కదా? మన పిల్లే కదా?" అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతున్నాడు.

తాత ఏటి వైపు ఒక్క చూపు చూసి, "ఏరు పోటు మీదుంది, పడవని పైకి మోసుకెళ్తాది. నీళ్ళ మీదే నర్సాపురం పోదాం. ఇంజన్ పడవ దింపండి" అన్నాడు. రోడ్డున వెళ్ళాలంటే గతుకుల్లో రేవు దాకా పోయి, అక్కడ ఏరు దాటించే పంటు అవతలి గట్టున ఉంటే అది వచ్చేదాకా ఆగాలి. పిన్నిని దుప్పటిలో పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. నన్ను నాన్న ఎత్తుకున్నాడు. అప్పటికి నా పెదవులు, వేళ్ళ కొసలు లేనట్టే ఉన్నాయి. నాన్న భుజాన్ని కొరికి చూశాను. కొరుకుతున్నట్టు నాకు తెలియలేదు. నాన్న ఉలిక్కిపడి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు గుర్తుంది.

ఇసుక మీద పడుకోబెట్టిన పిన్ని కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. రెప్ప పడట్లేదు. బాబాయి ఆమె చెంపలు తడుతూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. మా ఊళ్ళో పెళ్ళాన్ని పదిమందిలో పేరు పెట్టి పిలవరు. అక్కడ ఇంజన్ అంటుకోవడం లేదు. తాడు లాగుతుంటే దగ్గి ఆగిపోతోంది. అప్పుడే మా మేనత్త, నాన్న అక్క, వచ్చి పిన్నిని చూసి కూలబడిపోయింది. బాబాయిని ఎత్తుకుని పెంచింది ఆవిడే. తమ్ముడి తల తన పొట్టకు అదుముకుంది.

"పోయిందిరా నాయనా. ఇంకేముంది, పోయింది. లేరా తమ్ముడూ. ఏడాది తిరక్కుండా ఇంకో పిల్లని నేను తెత్తాను. నిన్నిలా చూళ్ళేను, లే."

అవి పిన్ని తలకు జానెడు దూరంలో అన్న మాటలు. తమ్ముడి మీద ప్రేమతో అన్నవే. అప్పుడు అక్కడున్న ఎవరికీ తప్పుగా తోచలేదు. బాబాయి మాత్రం తల విదిలించుకున్నాడు. తాత వేలు తడిచేసి పిన్ని ముక్కు దగ్గర పెట్టి, "నోర్మూయ్. ఉంది. సన్నంగా ఉంది" అన్నాడు. అంతలో ఇంజన్ అంటుకుంది.

పడవలో మామ్మ ఒళ్ళో నా తల. పక్కనే పిన్ని. ఒక ఈగ వచ్చి పిన్ని కంటి కొస మీద వాలింది. అలాగే కూర్చుంది. రెప్ప కదల్లేదు. నేను ఈగను తోలుదామని చెయ్యెత్తబోతే చెయ్యి రాలేదు. చావంటే ఏంటో నాకు అర్థమైంది ఆ ఈగ వల్లే. మామ్మ చూసి చెంగుతో తోలి, చెంగు అలాగే కళ్ళ మీద కప్పబోయి, ఏమనుకుందో, తీసేసింది.

నర్సాపురంలో రేవుకు దగ్గర్లోనే ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. డాక్టరుగారు పెద్దాయన. "కప్పచేపండి" అని తాత అనగానే రెండో మాట అడగలేదు. పిన్ని గొంతులోకి గొట్టం వేసి, దానికి రబ్బరు తిత్తి ఒకటి తగిలించి నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కినప్పుడల్లా పిన్ని గుండె పైకి లేచేది. నొక్కడం ఆపితే పడిపోయేది.

"దీనికి విరుగుడు లేదమ్మా. విషం దానంతటదే దిగాలి. దిగేదాకా ఈవిడ ఊపిరి మనమే ఆడించాలి" అన్నాడు. "మిషన్ ఇక్కడ లేదు. ఉన్నచోటికి తీసుకెళ్ళేలోపు దారిలో ప్రాణం పోవచ్చు. మీలో చేతుల్లో సత్తువ ఉన్నవాళ్ళెవరు?"

వచ్చినవాళ్ళంతా వల లాగే మనుషులే. ముందుగా బాబాయి కూర్చున్నాడు. తాత పక్కన నిలబడి వల లాగించినట్టే, "లాగు... వదులు... లాగు... వదులు" అని మెల్లగా పలుకుతున్నాడు. ఒకరి చేతులు నొప్పెడితే ఇంకొకరు. నన్ను పక్క మంచం మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. నేను పిన్ని గుండెనే చూస్తూ ఉన్నాను. అది లేచినప్పుడు నేనూ గాలి పీల్చేదాన్ని.

డాక్టరుగారు పిన్ని కళ్ళలోకి లైటు వేసి చూసి వెళ్ళబోతూ, మామూలుగా చెప్పినట్టు చెప్పాడు.

"అన్నట్టు, మీరంతా ఆవిడతో మాట్లాడుతూ ఉండండి. ఒళ్ళు కదల్లేదు గానీ ఆవిడకి తెలివి ఉండుంటుంది. ఈ విషానికి అంతే. ఇందాకట్నుంచీ అన్నీ వింటూనే ఉంటుంది."

నాకు అప్పటికి అంతా అర్థం కాలేదు. అయినా అందరి మొహాలూ మేనత్త వైపు తిరగడం చూశాను. మేనత్త మొహం ఎండుచేపలా పాలిపోయింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని, వెనక్కి నడుస్తూ గదిలోంచి బయటకు వెళ్ళిపోయింది. అందరికంటే ఎక్కువ అదిరిపోయింది బాబాయి. తిత్తి నొక్కుతున్నవాడు ఆమె కళ్ళలోకి చూసి, "వింటన్నావా?" అని అడిగి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తాత అతని చేతుల మీద తన చేతులు వేసి "లాగు" అన్నాడు.

మాట్లాడమని చెప్పారు గానీ ఏం మాట్లాడాలి? మావాళ్ళకు మాటలు రావు. మామ్మ మంచం పక్క నేల మీద కూర్చుంది. పిన్ని కాలి వేళ్ళు పట్టుకుంది.

"నేను చెప్పలేదు. నీకు నేను చెప్పలేదే. ఇప్పుడు చెప్తాను, ఇనుకో. మొదట కప్పచేప. తెల్లపొట్ట, చిలక మూతి. దాని జన విషం, కాలేయం విషం, తోలు విషం. కోసిన కత్తి కూడా కడగాల. రెండోది టేకు. పళ్ళెంలా చదునుగా ఉంటాది, తోకలో ముల్లుంటాది. ఒడ్డునీళ్ళలో కాలు ఈడ్చుకుంటా నడవాల, ఎత్తి వెయ్యకూడదు. గుచ్చుకుందా, కాలు వేడినీళ్ళలో పెట్టాల. జెల్లకి మూడు ముళ్ళు. ముందు అవి విరవాల, తర్వాతే చేత్తో పట్టాల. పండుగప్పని చెంప దగ్గర పట్టకు, తెగుద్ది..."

అలా మొదలైంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మాటలేవీ ఎవరి నోటా వినలేదు. అవన్నీ నాకు తెలుసు, అయినా వింటుంటే కొత్తగా ఉన్నాయి. చావిడాయి పొడుగ్గా రిబ్బన్‌లా ఉంటుందని, దాన్ని ఏ ఎండలో ఎలా ఆరబెట్టాలో చెప్పింది. కొయ్యంగలు వల మీదుగా ఎగిరి దూకేస్తాయని, అందుకే పైన ఇంకో వల పట్టుకుని మనిషి నిలబడాలని చెప్పింది. ఏ చేప పులుసుకు పాత చింతపండు, ఏ చేపకు పచ్చి మామిడి, చేదుతిత్తి పగలకుండా వేలు ఎక్కడ పెట్టాలి, కడుపుతో ఉన్నప్పుడు ఏది తినాలి, పురుడయ్యాక ఏది. "ఇలస సంగతి నీకు తెలిసిందే, అదే ఏరెక్కితే మీ పులస. అయినా చెప్తాను, ఇనుకో." నాన్నవాళ్ళు తిత్తి నొక్కుతూ మధ్యమధ్యలో అందించారు. "అమ్మా, నీళ్ళ రంగు చెప్పు." "పక్షుల సంగతి చెప్పలేదు." గది బయట వరండాలో నిలబడ్డ మా ఊరివాళ్ళు కిటికీలోంచి ఒకటీ అరా చెప్పారు. ఆస్పత్రి ఆయా కూడా గుమ్మానికి ఆనుకుని వింటూ నిలబడిపోయింది.

చీకటి పడింది. నేను నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి నా వేళ్ళు నావయ్యాయి. తాత గొంతు బొంగురుపోయింది, అయినా "లాగు, వదులు" అంటూనే ఉన్నాడు. మామ్మ గొంతు కూడా అంతే. పిన్ని గుండె వాళ్ళతో లేస్తూ పడుతూ ఉంది.

ఎండెక్కాక పిన్ని కుడిచేతి చిటికెన వేలు కదిలింది. ముందు తానే చూశానని నాన్న అంటాడు, కాదు తానేనని బాబాయి అంటాడు. తర్వాత రెప్ప పడింది. ఆ రెప్ప పడడం చూసి ఆ గదిలో మగవాళ్ళందరూ ఒక్కసారిగా ఏదో అరిచారు. డాక్టరుగారు కంగారుపడి పరుగెత్తుకొచ్చాడు. మధ్యాహ్నం దాటాక తిత్తి నొక్కకుండానే గుండె లేస్తోందని చూసుకుని గొట్టం తీసేశాడు. పిన్ని దగ్గింది. అందరూ మంచం చుట్టూ వంగారు. ఆమె కళ్ళు మామ్మను వెతికి పట్టుకున్నాయి. గొంతు గీరుకుపోయి గాలిలా వచ్చింది మాట.

"అత్తా... టేకు ముల్లుకి... నీళ్ళు ఎంత వేడి?"

మామ్మ కోడలి పాదాల మీద మొహం పెట్టేసుకుంది. బాబాయి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. వింటోందని డాక్టరు చెప్పినా, మాలో ఎవరికీ లోపల నమ్మకం కలగలేదనుకుంటాను. ఆ ప్రశ్నతో తెలిసింది. అంతా వింది. ఒక్క ముక్క పోకుండా వింది.

ఆ తర్వాత పిన్ని తల గుమ్మం వైపు తిప్పింది. మేనత్త బయటే ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి లోపలికి రాలేదు, ఎంగిలి పడలేదు.

"వదినా, లోపలికి రా."

మేనత్త గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇంకో పిల్ల కోసం తిరక్కులే" అంది పిన్ని.

కోపంగా అనలేదు. ఓపిక లేని గొంతు, నెమ్మదిగా వచ్చింది. మేనత్త వచ్చి మంచం పట్టీ మీద తల బాదుకుంది. పిన్ని చెయ్యి పక్కనే ఉంది. మేనత్త ఆ చేతిని పట్టుకుని మొహానికి రాసుకుంది. పిన్ని చెయ్యి లాక్కోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. అలా వదిలేసింది. ఆ చెయ్యి మేనత్త చేతిని తిరిగి పట్టుకోడానికి ఏళ్ళు పట్టింది. పిన్నికి మొదటి పురుడు వచ్చినప్పుడు, బయట వాన దంచుతుంటే, మేనత్త మోకాళ్ళ లోతు నీళ్ళలో పాలసొర పట్టుకుని వచ్చింది. అప్పుడు పట్టుకుంది.

ఊరికి తిరిగొచ్చాక మామ్మ మారిపోయింది. పడవలొచ్చే వేళకు పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని పడిన ప్రతి చేపనూ ఎత్తి చూపించి పైకి చెప్పేది. చూసేవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత మిగతా ఇళ్ళవాళ్ళూ మొదలుపెట్టారు. మా ఊరికి ఏ కోడలు వచ్చినా, అది పక్క పల్లె నుంచైనా సరే, పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళంతా కలిసి ఒడ్డుకు తీసుకెళ్ళి ముందు కప్పచేపను చూపించేవారు. ఆ పిల్లలు సిగ్గుపడుతూ, "మాకు తెలుసండీ" అనేవారు. "తెలిసినా ఇను" అనేది మామ్మ. నా చిన్నతనం ముగిసేదాకా అది మా ఊరి పెళ్ళిళ్ళలో ఒక తంతులా సాగింది.

ఇప్పుడు ఆ ఒడ్డు లేదు. ఏడాదికి కాస్త చొప్పున సముద్రం లోపలికొచ్చి మా వీధినీ, సరుగుడు తోటనూ తీసుకుపోయింది. మిగిలినవాళ్ళకు లోపలెక్కడో కాలనీ కట్టించి ఇచ్చారు. మామ్మ, తాత పోయారు. మేనత్తా పోయింది. మా పిల్లలు చెరువు చేప తింటారు, అదీ ముక్కలు చేసి కవర్లో వేసి ఇచ్చింది. చేపకు తల ఎటుందో వాళ్ళకు తెలియదు. తప్పు పట్టను, నేనూ ఏమీ చెప్పలేదు.

పిన్ని ఉంది. కాలనీ ఇంట్లో బాబాయితో ఉంటుంది. రాజమండ్రి నుంచి పోయినవారం చూడ్డానికి వెళ్ళాను. ఆ రెండు రోజుల గురించి ఇన్నేళ్ళలో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఈసారి అడిగేశాను. కదల్లేక పడుకుని అన్నీ వింటున్నప్పుడు అన్నిటికంటే భయమేసింది దేనికని. మేనత్త మాటకే అని చెబుతుందనుకున్నాను.

"మీ మేనత్త మాటకి కోపమొచ్చిందిలే. భయమేం వేయలేదు" అంది పిన్ని. ముంగిట్లో మాకు ఎదురుగా బట్టలారేసి ఉన్నాయి. లేచి ఆరిన చీరొకటి తీసి మడతపెడుతూ మళ్ళీ అందుకుంది.

"మీ మామ్మ చెప్తా చెప్తా ఉంది కదా. అప్పుడు నువ్వు నిద్దరపోతన్నావు. చెప్తా చెప్తా ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎంతసేపటికీ మాట లేదు. ఇంక చేపలైపోయినయ్యనుకున్నాను. అయిపోతే నేనూ పోతాననిపించింది. అప్పుడేసింది చూడు భయం. అరుద్దామంటే నోరు లేదు."

"మరి?"

"మరేముంది. మంచినీళ్ళు తాగొచ్చింది కాబోలు. మళ్ళీ నా కాలి వేళ్ళు పట్టుకుని, 'మొదట కప్పచేప, ఇనుకో' అని మొదట్నించీ మొదలెట్టింది."